ఆవు తరఫు పెద్దమనిషి

నా ఉద్యోగ జీవితంలో ఒకే ఒక్కసారి డ్యూటీ మీద పెళ్లిచూపులకు వెళ్లాను. పెళ్లికొడుకు ఒక ఆంబోతు. నేను ఆవు తరఫు పెద్దమనిషిని.

మా పశుసంవర్ధక శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అమ్మాయి ఫ్లాటుకు వచ్చి నన్ను పలకరించి పోతుంటారు. కాఫీ తాగాక, మీరు మరచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్ అంటారు. అడ్డం తిరిగిన దూడను బయటికి తీసిన సాహసమో, గాలికుంటు వ్యాపించినప్పుడు ఊరూరా తిరిగిన కష్టమో చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి, చెప్పుకుంటే గొప్పగానే ఉంటాయి. కానీ నాకు ఎప్పుడూ ముందు గుర్తుకొచ్చేది ఈ పెళ్లిచూపులే. మీరు నవ్వుకుంటూ చదవండి, నాకేం అభ్యంతరం లేదు. ఆరోజు బస్సెక్కేటప్పుడు నేనూ లోలోపల నవ్వుకుంటూనే ఎక్కాను.

తొంభైల మధ్యలో నన్ను బెంగళూరు పక్కన ఆనేకల్ అవతల ఒక పల్లెలోని ఉపకేంద్రానికి వేశారు. ఉపకేంద్రం అంటే ఒక గది, ఒక బల్ల, పశువును నిలబెట్టి కట్టడానికి బయట ఒక ఇనుప చట్రం. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడం నా ముఖ్యమైన పని. సూది అన్నది జనం మాట. మంచి జాతి ఆంబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి సన్నటి గొట్టాల్లో నింపి మాకు పంపేవారు. దాన్ని ఆవు గర్భంలోకి చేర్చాలి. ఆ గొట్టాలను చల్లటి ద్రవ నైట్రోజన్ పోసిన క్యానులో పెట్టుకుని, క్యానును మోపెడ్ మీద కాళ్ల మధ్య ఇరికించుకుని, గుంతలు తప్పించుకుంటూ తిరిగేవాణ్ణి. నేను డాక్టరును కాను, ఆ చదువు చదవలేదు. అసలు డాక్టరు ఆనేకల్ ఆసుపత్రిలో ఉండే డాక్టరమ్మ. మాట కటువు, మనసు వెన్న. ఈ నెల ఎన్ని ఆవులకు సూది వేశావని అడిగేటప్పుడు మాత్రం ఆ వెన్న ఎక్కడా కనిపించేది కాదు.

ఆమె అడిగినప్పుడల్లా నేను నీళ్లు నమలడానికి కారణం కూడా ఒక ఆంబోతే.

మా ఉపకేంద్రానికి కూతవేటు దూరంలో భార్యాభర్తలు ఇద్దరు చిన్న సేద్యం చేసుకుంటూ హళ్లికార్ అనే నాటు జాతి కోడెను పెంచేవారు. కాస్త రాగి చేను, ఒక గడ్డి మడి, పెంకుల కొట్టంలో కొన్ని ఆవులు, వాటి మధ్య ఈ కోడె. బూడిదరంగు ఒళ్లు, వెనక్కి వాలిన పొడుగాటి కొమ్ములు. నడుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. తాతల కాలం నుంచీ ఆ ఇంట్లో విత్తనపు కోడె లేని రోజు లేదట. చుట్టుపక్కల పల్లెల ఆవులన్నీ అక్కడికే వచ్చేవి. దాటించినందుకు ఆ దంపతులు ఏమీ తీసుకునేవారు కాదు. ఆవును తోలుకొచ్చినవాళ్లు కోడె ముందు దోసెడు ఉలవలు పోసి దండం పెట్టుకోవాలి, అంతే. దోసెడు ఉలవలతో పనయ్యేచోట నా మోపెడ్‌ను, నా క్యానును ఎవరు ఖాతరు చేస్తారు?

న్యాయంగా అయితే మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోకూడదు. కానీ వాళ్ల పూర్వీకులు ఎప్పుడో మన సీమ నుంచి వలస వచ్చినవాళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. నేను అనంతపురం వైపు వాణ్ణి. నేను రెండు మాటలు మాట్లాడేసరికి, మనోడే అనుకున్నారు. ఆయన్ను పెద్దాయన అని, ఆమెను పెద్దమ్మ అని పిలవడం అలవాటైంది. మధ్యాహ్నం ఆ దారిన పోతే సంగటి ముద్ద పెట్టకుండా పంపేవాళ్లు కాదు. పెద్దాయన కోడెను మేపేవాడు, కడిగేవాడు, మాట వినలేదని దానితో గంటలకొద్దీ అలిగేవాడు. పెద్దమ్మ పని వేరు. ఆమె వరసలు చూసేది.

ఆవు వాకిట్లోకి వచ్చిందంటే పెద్దమ్మ కొట్టానికి అడ్డంగా నిలబడి విచారణ మొదలుపెట్టేది. ఇది ఎవరింటి ఆవు, దీని తల్లి ఏది, ఆ తల్లిని ఏ కోడెకు దాటించారు. అంతా నోటికే. కోడెకు కూతురు వరస అయిందంటే, ఎంత దూరం నుంచి నడిపించుకొచ్చినా సరే, తండ్రి వరస కుదరదని వెనక్కి పంపేసేది. చెల్లెలి వరసైనా అంతే. మనుషుల పెళ్లిళ్లకు ఏ వావివరసలు చూస్తామో ఆ కొట్టంలో పశువులకూ అవే. అలా వెనక్కి మళ్లినవాళ్లు తోవలో నా ఉపకేంద్రం దగ్గర ఆగేవాళ్లు. నా గిరాకీలో సగం ఆమె కాదన్న సంబంధాలే. ఈ మాట డాక్టరమ్మతో అంటే, అయితే ఆమెనే ఉద్యోగంలోకి తీసుకుందాం, నువ్వు ఇంటికి పో అంది.

ఆ వరసల దగ్గరే చిక్కు వచ్చింది.

వాళ్ల కొట్టంలో ఒక ఆవు ఉండేది. కోడెకు అక్క కూతురు. ఆ ఇంట్లో పుట్టిన వాటిలోకెల్లా అందమైనది, పెద్దమ్మకు ప్రాణం. అక్క కూతురంటే మనవాళ్లకు తిరుగులేని వరస కదా. పెద్దమ్మ ముచ్చటపడి మేనమామకే ఇచ్చింది. తొలిచూలు దూడ చచ్చి పుట్టింది. మలిచూలుకు పెయ్య పుట్టింది. చక్కగా పుట్టింది, చక్కగా లేచి నిలబడింది, పొదుగు కోసం పోయి గోడను నాకింది. కళ్ల నిండా తెల్లటి పొర. పుట్టుగుడ్డి.

పెద్దమ్మ ఆ పెయ్యను ఒళ్లో పెట్టుకుని పెంచిందంటే అతిశయోక్తి కాదు. ముందు నడుస్తూ గాజులు చప్పుడు చేసేది, అది వెనకాలే వచ్చేది. చూస్తుంటే ముద్దూ వచ్చేది, జాలీ వేసేది. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆ కోడె విత్తనంలోనే దోషం ఉందని ఎవరో అన్నారు, అందరూ అందుకున్నారు. ఆవులు రావడం తగ్గింది. పొద్దున లేస్తే సందడిగా ఉండే వాకిలి బోసిపోయింది. మూడో చూలుకూ ఇలాంటి దూడే పుడితే కోడెను అమ్మేసి కొట్టం పీకేస్తానని పెద్దాయన ఒకరోజు నాతో అన్నాడు. అరిచి అని ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదు. నెమ్మదిగా, గడ్డి పరక నములుతూ అన్నాడు. నా సూదులకు గిరాకీ పెరిగింది. ఆ పెరుగుదల నాకు రుచించలేదు.

నేనూ డాక్టరమ్మా మొదట తప్పుదారి పట్టాం. చూడితో ఉన్న ఆవుకు పచ్చిమేత చాలకపోతే గుడ్డి దూడలు పుట్టడం ఉన్నదే. ఆ ఏడాది వానలు సరిగా లేవు కాబట్టి అదే కారణమని తేల్చేసి, మందులిచ్చి వచ్చాం. తరువాత ఒకరోజు డాక్టరమ్మ తీరిగ్గా పెద్దమ్మ పక్కన కూర్చుని ఆ ఆవుల వంశమంతా చెప్పించుకుంది. బయటికి వచ్చాక నాతో, "గడ్డి కాదయ్యా. తరతరాలుగా ఇంట్లో ఆవుల్ని ఇంట్లో కోడెలకే ఇస్తున్నారు. దాగి ఉన్న లోపం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ వచ్చి ఒకే దూడలో కలిసింది" అంది. వేరే రక్తం తేవాలి, ఆ మాట నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుంది అని నాకు అప్పగించి జీపెక్కింది.

చెప్పాను. రాగి విత్తనం ఎప్పుడూ మీ చేనిదే వేస్తారా, నాలుగేళ్లకోసారి పక్క ఊరి నుంచి మార్చుకోరా, ఇదీ అంతే అన్నాను. చాలా బాగా చెప్పాననే అనుకున్నాను. పెద్దమ్మ విని, "రాగులకు వరసలు యాడుండాయప్పా" అంది. ఆ తరువాత నా ముఖంలోకి చూసి, "నువ్వు మీ అక్క బిడ్డనే చేసుకొని ఉండావు. నీ కూతురు బంగారుమాదిరి ఉండాది కదా" అంది.

నిజమే. సంగటి తింటూ నా పెళ్లి సంగతి నేనే చెప్పుకున్నాను. ప్రతి ఇంట్లోనూ ఆ లోపం ఉండదు, ఉన్నా ప్రతి బిడ్డకూ రాదు అని ఏదో గొణిగాను. ఆమె నా గిన్నెలో ఇంకాస్త పులుసు పోసింది. మా వాదన అక్కడితో ముగిసింది.

ఆమె మనసు మార్చింది నేను కాదు, గుడ్డి పెయ్య. ఒకరోజు కొట్టం దాటి పోయి ముళ్లకంచెలో చిక్కుకుని ముఖమంతా చీరుకుంది. నేను కుట్లు వేస్తుంటే పెద్దమ్మ దాని తల పట్టుకుని కూర్చుంది. పెయ్య గింజుకోలేదు, ఆమె చేతిని నాకుతూ పడుకుంది. చివరి కుట్టు వేశాక పెద్దమ్మ, సరే, ఆవుకు బయటి కోడెనే చూద్దాం అంది. నేను వెంటనే క్యాను మూత తీసి హళ్లికార్ కోడెది ఒక గొట్టం చూపించాను. అతను ఎవరి బిడ్డ, ఏ ఊరు అని అడిగింది. గొట్టం మీద అంకెలు తప్ప ఏమీ లేవు. అవే చదివి వినిపించాను.

"ఊరూ పేరూ లేనోనికి బిడ్డనిస్తామా అప్పా? నేను చూడల్ల వాణ్ణి" అంది.

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ పగలబడి నవ్వింది. నవ్వాక ఆసుపత్రి ఫోను అందుకుని, ఆంబోతులను పెంచే కేంద్రంలో తనకు తెలిసిన ఆఫీసరుతో మాట్లాడి, రైతుల అవగాహన యాత్ర అని పేరు పెట్టి అనుమతి సంపాదించింది. యాత్రలో రైతులు ఇద్దరు, అవగాహన కల్పించేవాణ్ణి నేనొక్కణ్ణి.

ఆ కేంద్రం బెంగళూరుకు అవతలి వైపు. ఆనేకల్ నుంచి బస్సెక్కి, సిటీ మార్కెట్లో మారి, పెద్ద బస్టాండు మెజెస్టిక్‌లో మళ్లీ మారి వెళ్లాం. పెద్దాయన ఉతికిన పంచె కట్టాడు, తలగుడ్డ చుట్టాడు. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని, అరటిపళ్లూ బెల్లం అచ్చూ మూటగట్టుకుంది. బస్సులో పక్కసీటావిడ ఏం విశేషమని అడిగితే, సంబంధం చూడడానికి పోతున్నామని చెప్పింది. అబ్బాయి ఏం చేస్తాడని ఆవిడ అడిగింది. గవర్నమెంటు ఉద్యోగమని పెద్దాయన చెప్పాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గేటు దగ్గర క్రిముల మందు కలిపిన ఊదారంగు నీళ్లలో కాళ్లు ముంచమని, ఆ తరువాతే లోపలికి పంపారు. బయటి తిండి కోడెలకు పెట్టకూడదని పెద్దమ్మ మూట అక్కడే పెట్టించుకున్నారు. వట్టి చేతులతో పోవడమేందని ఆమె చాలాసేపు బాధపడింది. కోడెలను చూసుకునే ఉద్యోగి ఒకాయన మాతో వచ్చాడు. రిటైరయ్యే వయసు, కన్నడాయన, తెలుగు బాగా వచ్చు. నేను సంగతి చెబితే నవ్వలేదు. మంచి పని చేశారమ్మా, ఇన్నేళ్లలో నా పిల్లల్ని చూడడానికి ఆవు తరఫు నుంచి ఎవరూ రాలేదు అన్నాడు. ఆయన మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

నా క్యానులో ఉన్న గొట్టం తాలూకు కోడె దగ్గరికి తీసుకెళ్లాడు. ఎంత అందగాడో చెప్పలేను. పెద్దమ్మ గిట్టలు చూసింది, గంగడోలు చూసింది, చేయి చాపితే కోడె వాసన చూసి తల వంచింది. గుణం కూడా మంచిదే. ఇక విచారణ మొదలైంది. మాగడి వైపు ఫలానా ఊరని ఉద్యోగి చెప్పాడు. తనే లారీ వెంట వెళ్లి తీసుకొచ్చాడట. ఆ ఊరి పేరు వినగానే పెద్దమ్మ ముఖం వెలిగింది. ఆమె చెల్లెలి అత్తగారి ఊరు అది. తమ కొట్టంలో ఇప్పుడున్న కోడెకు అన్నను వాళ్లు చాలా ఏళ్ల కిందట ఆ చెల్లెలి ఇంటికే ఇచ్చారు. ఆ ఊళ్లో అప్పుడున్న విత్తనపు కోడె అదొక్కటే. వీడు దాని కొడుకు.

అంటే మన ఆవుకు సొంత మేనమామ కొడుకు. వరసైన బావ.

పెద్దాయన తలగుడ్డ తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇంత దూరం వచ్చి సొంతవాణ్ణి చూశామని ఇద్దరూ కోడెను పట్టుకుని మురిసిపోయారు. ఉద్యోగి కూడా వాళ్లతో కలిసి మురిసిపోయాడు. నేను మాత్రం ఆ చుట్టరికాన్ని వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాను. వేరే రక్తం కోసం బస్సులు మారి వచ్చి, మళ్లీ వాళ్లింటి గడపలోనే నిలబడ్డాం. ఇప్పుడిది కాదనమని ఏ నోటితో చెప్పను?

ఆ సందడిలో ఉద్యోగి, కోడెను లారీ ఎక్కించిన రోజు కథ చెప్పడం మొదలుపెట్టాడు. వీడి తోడబుట్టిన పెయ్య ఒకటి ఉండేదట. పాపం, పుట్టుగుడ్డి. లారీ కదిలితే ఆ చప్పుడు పట్టుకుని ఊరి పొలిమేర దాకా వెంబడి వచ్చిందట. ఆ మాట ఆయన మామూలుగా చెప్పాడు. అది మాకేమిటో ఆయనకు తెలియదు.

పెద్దమ్మ చేయి కోడె మెడ మీద అలాగే ఉండిపోయింది. మాగడి ఎక్కడ, ఆనేకల్ ఎక్కడ. గడ్డి వేరు, నీళ్లు వేరు, ఊరు వేరు. రెండుచోట్లా ఉన్నది ఆ రక్తం ఒక్కటే. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె చాలాసేపు కోడె ముఖం నిమిరింది. కళ్ల కింద, కొమ్ముల మొదట్లో. తరువాత చేయి వెనక్కి తీసుకుంది.

"వీడు మావాడే. మావాడు కాబట్టే వద్దు" అంది. నా వైపు తిరిగి, "మాకేమీ కానోణ్ణి చూపించప్పా" అంది.

పెద్దాయన ఎదురుతిరిగాడు. వరస కుదిరిన సంబంధం కళ్ల ముందర పెట్టుకుని ఎందుకు వద్దంటావని గట్టిగానే అడిగాడు. జవాబు ఇంటి దగ్గర కొట్టంలో గాజుల చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటుందని ఆయనకూ తెలుసు. తలగుడ్డ మళ్లీ చుట్టుకుని ముందుకు నడిచాడు.

చివరి గదిలో ఒక కోడె ఉంది. మైసూరు అవతల నుంచి వచ్చిందని తప్ప ఉద్యోగికి దాని సంగతులు తెలియవు, అది వచ్చినప్పుడు ఆయన సెలవులో ఉన్నాడట. ఒక కొమ్ము కాస్త వంకర. మమ్మల్ని చూసి బుసకొట్టింది. పెద్దమ్మ ఇష్టం లేని సంబంధానికి తలూపినట్టు తలూపింది. తిరుగు ప్రయాణంలో పెద్దాయన మెజెస్టిక్ దాకా అలిగి వేరే సీట్లో కూర్చున్నాడు. అరటిపళ్లు మేమే తిన్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమె ఊరూ పేరూ అడగకపోయి ఉంటే, నేను నా అంకెల గొట్టాన్ని నమ్ముకుని ఆ మొదటి కోడె విత్తనమే వేసి, వేరే రక్తం తెచ్చానని సంబరపడేవాణ్ణి. వంశాలన్నీ ఆమెకు తెలుసు, వాటితో ఏం చేయాలో మాకు తెలుసు. సగం సగం తెలిసినవాళ్లం ఒకే బస్సులో వెళ్లబట్టి గట్టెక్కాం. డాక్టరమ్మ ఆ గుడ్డి పెయ్య సంగతి పైవాళ్లకు రాసింది. ఆ అందగాణ్ణి విత్తనానికి వాడడం మానేశారని తరువాత తెలిసింది. తరువాత చాలాకాలం నేను గొట్టం బయటికి తీసినప్పుడల్లా, వీడు ఎవరి బిడ్డో అనుకునేవాణ్ణి. కొత్తగా చేరిన పిల్లలూ, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, మీకు ఆ దిగులు లేదు. అయినా అడగండి.

ఆవు ఎదకొచ్చిన రోజు కబురు తెచ్చింది పెద్దాయనే. పొద్దున్నే సైకిల్ మీద వచ్చి నా గది ముందు నిలబడ్డాడు. నేను వెళ్లేసరికి తమ కోడెను తీసుకెళ్లి ఇంటి వెనక కట్టేసి ఉంచాడు. వాడి ఎదురుగా వద్దు, నొచ్చుకుంటాడు అన్నాడు. మొదటిసారి నిలవలేదు. రెండోసారి చూడి కట్టింది.

ఆ నెలలు ఆ ఇంట్లో ఎవరూ దూడ మాట ఎత్తలేదు. నేను పోయినప్పుడల్లా ఆవు పొట్ట చూసి, సంగటి తిని, రాగి ధాన్యం గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. నిద్రపట్టని రాత్రులు నాకూ ఉన్నాయి. బయటి రక్తమైతే ప్రమాదం తగ్గుతుందని చెప్పాను, ఉండదని చెప్పలేదు. వాళ్లు ఆ తేడా విన్నారో లేదో నాకు తెలియదు.

ఆవు పట్టపగలు ఈనింది. నేను చేయి వేయాల్సిన పనే పడలేదు. కోడెదూడ. తల్లి నాకుతుంటే తడి ముద్దలా పడి ఉన్నాడు. పెద్దాయన కొట్టం బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాలేదు. పెద్దమ్మ దూడ ముందు కూర్చుంది గానీ తల దించుకునే ఉంది. దూడ లేవబోయి పడ్డాడు, మళ్లీ లేచాడు, తల ఎత్తాడు. నేను చూసి చెప్పవచ్చు. నా ఉద్యోగం అదే. నాకు ధైర్యం చాలలేదు.

పెద్దమ్మ పైట కొంగు చేతిలోకి తీసుకుని, దూడ ముఖం ముందు మెల్లగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపింది. చప్పుడు కాకుండా, రెండో చేత్తో గాజులు అదిమిపట్టుకుని మరీ జరిపింది. దూడ తల కొంగు వెంట తిరిగింది. ఇటు తెచ్చింది. ఇటూ తిరిగింది.

"చూస్తా ఉండాడు" అంది, బయట ఉన్న మొగుడికి వినపడేలా. ఆ తరువాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పెద్దాయన లోపలికి వచ్చి దూడను చూడకుండా ముందు ఇంటి వెనక్కి పోయాడు. తన కోడెతో ఏం చెప్పాడో మాకు వినపడలేదు.

నేను చేతులు కడుక్కుని మోపెడ్ దగ్గరికి పోతుంటే పెద్దమ్మ వెనకాలే వచ్చింది. మైసూరు అవతల అన్నారు కదా, ఆ కోడెను ఇచ్చిన వాళ్లది ఏ ఊరో ఆఫీసులో అడిగి కనుక్కోమంది. అంత దూరం ఎందుకు పెద్దమ్మా, వాళ్లెవరో, మీరెవరో అన్నాను.

"కబురు చెప్పొద్దా అప్పా, వాళ్లింటి బిడ్డ కూడా కదా వాడు" అంది. "మేమిచ్చిన కండ్లు కావు అవి. వాళ్లిచ్చినవి."